కారు ఇన్ఫోటైన్‌మెంట్‌కు ఆటోమేటెడ్ టెస్ట్ బెంచి: రోబో వేలి కంటే ముందు కావాల్సినవి

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ సంస్థ కార్లలో బిగించే ఇన్ఫోటైన్‌మెంట్ హెడ్ యూనిట్లు (డాష్‌బోర్డులో తెర, రేడియో, మ్యాప్, ఫోను కాల్ చూసుకునే పెట్టెలు) తయారు చేస్తుంది. ఇప్పటివరకు ఇద్దరు ఇంజినీర్లు బల్ల ముందు కూర్చుని ప్రతి బిల్డునూ, అంటే కొత్తగా వచ్చిన ప్రతి సాఫ్ట్‌వేర్ కూర్పునూ, చేత్తో పరీక్షిస్తున్నారు. ఇకపై ఆ పనిని యంత్రానికి అప్పగించాలని పైవారు నిర్ణయించి, బాధ్యత మీ మీద పెట్టారు. స్క్రీను చూసే కెమెరా, తెరను తాకే రోబో వేలు ముందు కొనాలా, ఖరీదైన టూల్ తీసుకోవాలా లేక పైథాన్ భాషలో సొంతంగా రాసుకుంటే సరిపోతుందా, ఆ ఇద్దరి పని ఏమవుతుంది అని అడిగారు.

రోబో సంగతి చివర్న చూద్దాం. మీ పని మొదలవ్వాల్సింది పవర్ సప్లైతో. తర్వాత క్యాన్ బస్ (కారులోని కంట్రోలర్లు మెసేజిలు పంపుకునే రెండు తీగల లైను), ఆ తర్వాత లాగులన్నిటికీ, అంటే పరికరాలు రాసుకునే రికార్డులన్నిటికీ, ఒకే గడియారం. ఈ మూడూ గట్టిపడకుండా వాటి మీద ఏం కట్టినా రోజుకో కారణంతో ఫెయిల్ చూపిస్తుంది. వరుసగా కొన్ని రోజులు ఉత్తుత్తి ఫెయిల్ చూపించిన బెంచిని డెవలపర్లు పట్టించుకోవడం మానేస్తారు. నాన్నా పులి కథలో జరిగినట్టే, నిజమైన లోపం దొరికిన రోజున కూడా బెంచి సమస్యే అయి ఉంటుందని పక్కన పెట్టేస్తారు. బెంచి ఫెయిల్ అంటే అవతలివారు వాదనకు దిగకుండా లాగు తెరిచి చూడాలి. నేను కింద రాసేదంతా ఆ నమ్మకం ఎలా సంపాదించాలన్నదే.

పవర్ సప్లై విషయంలో చాలామంది 12 వోల్టులు ఇచ్చేస్తే పని అయిపోయిందనుకుంటారు. కారు బ్యాటరీ 12 వోల్టుల దగ్గర ఉండేది ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు. ఇంజిన్ నడుస్తుంటే 14 వోల్టుల చుట్టుపక్కల ఉంటుంది. స్టార్ట్ చేసే క్షణంలో, ముఖ్యంగా చలిలో, బాగా కిందికి పడిపోయి ఊగుతూ పైకి వస్తుంది. ఈ ఆకారాలను ఐఎస్ఓ 16750-2 ప్రమాణం నిర్దేశిస్తుంది. తీగల మీదుగా వచ్చే క్షణికమైన పోట్లను ఐఎస్ఓ 7637-2 చెబుతుంది. మామూలు ల్యాబ్ సప్లైతో స్టార్టింగ్ పతనాన్ని అనుకరించడం కుదరదు. దాని అవుట్‌పుట్ కెపాసిటర్లు పెద్దవి, వోల్టేజిని మిల్లీసెకన్లలో కిందికి లాగలేవు. కంప్యూటర్‌లో మీరు ఆరు వోల్టులు అని ఆదేశం ఇస్తారు, యూనిట్ దగ్గర అది నింపాదిగా దిగుతుంది, పరీక్ష పాస్ అవుతుంది, తర్వాత రోడ్డు మీద కారు స్టార్ట్ చేయగానే స్క్రీను నల్లబడుతుంది. వేగంగా దిగగల సప్లై కొనండి. కొన్నాక యూనిట్ కనెక్టర్ దగ్గరే ఆసిలోస్కోపు (వోల్టేజి క్షణక్షణం ఎలా మారుతోందో గీసి చూపే పరికరం) పెట్టి ఆ ఆకారాన్ని కళ్లారా చూడండి. తీగల నిరోధం 0.1 ఓమ్ ఉన్నా, 10 యాంపియర్లు లాగినప్పుడు ఒక వోల్టు దారిలోనే పోతుంది. అందుకే యూనిట్ దగ్గరి వోల్టేజిని చూసి సరిదిద్దుకునే సెన్స్ తీగలున్న సప్లై కావాలి, ఆ తీగలను యూనిట్ దాకా లాగాలి.

నిద్రలో ఉన్నప్పుడు యూనిట్ తాగే కరెంటు కొలవడం చూడటానికి తేలిక, చేయడానికి చిక్కు. ఇది తప్పితే కారు కొన్ని వారాలు పార్క్ చేసి ఉంటే బ్యాటరీ ఖాళీ అవుతుంది, కస్టమర్ ఫిర్యాదు నేరుగా కార్ల కంపెనీకి వెళ్తుంది. మేలుకుని పాట మోగిస్తుంటే పది యాంపియర్ల దాకా, నిద్రపోయాక ఒక మిల్లీయాంపియర్ కంటే తక్కువ. ఈ రెండు కొసలనూ ఒకే కొలత నిరోధంతో (కరెంటు దారిలో పెట్టి, దాని మీద పోయే వోల్టేజిని బట్టి కరెంటు లెక్కించే రెసిస్టర్‌తో) పట్టుకోలేరు. చిన్న కరెంటు కోసం ఒక ఓమ్ నిరోధం పెడితే, ఐదు యాంపియర్లు పారినప్పుడు దాని మీదే ఐదు వోల్టులు పోయి యూనిట్ రీబూట్ అవుతుంది. అందుకని నిరోధానికి సమాంతరంగా ఒక రిలే (సాఫ్ట్‌వేర్‌తో తెరిచి మూయగల స్విచ్) పెట్టి, మేలుకున్నంతసేపూ దాన్ని మూసి ఉంచి, పూర్తిగా నిద్రపోయాకే తెరవాలి. కొలిచేటప్పుడు యూనిట్ ఏ కారణంతో లేచినా రిలే వెంటనే మూసుకోవాలి.

ఇంకో చిక్కు ఇక్కడే ఉంది. యూనిట్‌ను నిద్రపోనివ్వనిది చాలాసార్లు మీ బెంచే. డీబగ్ కోసం తగిలించిన యూఎస్‌బీ కేబుల్ ఐదు వోల్టులు లోపలికి తోస్తుంటుంది. యూనిట్ లాగును బయటికి తెచ్చే సీరియల్ కన్సోల్ తీగ నుంచి కొద్దిపాటి కరెంటు చిప్‌లోకి వెనక దారిన పారుతుంది. మీ సిమ్యులేషన్ ఇంకా క్యాన్ మెసేజిలు పంపుతుంటే నెట్‌వర్క్ మేలుకునే ఉంటుంది. కాబట్టి ప్రతి కేబుల్‌నూ సాఫ్ట్‌వేర్‌తో విడదీయగలిగేలా రిలేల గుండా తీయండి. ఇది మొదటి రోజే పెట్టుకోకపోతే తర్వాత హార్నెస్ (తీగల కట్ట) మొత్తం విప్పాల్సి వస్తుంది.

ఇక క్యాన్ సంగతి. హెడ్ యూనిట్ బల్ల మీద ఒంటరిగా సరిగా పనిచేయదు. కారులో దాని చుట్టూ ఇంజిన్, బ్రేకులు, గేర్‌బాక్సు, మీటర్ల ప్యానెల్ నిరంతరం మెసేజిలు పంపుకుంటాయి. ఇగ్నిషన్ ఏ స్థితిలో ఉంది, వేగం ఎంత, గేరు ఏది, చీకటి పడిందా అన్న సంగతులు యూనిట్‌కు వాటి నుంచే తెలుస్తాయి. అవి రాకపోతే కాసేపటికి నిద్రలోకి జారుకుంటుంది, లేదా ఫాల్ట్ కోడ్‌లు రాసుకుని కొన్ని ఫీచర్లు మూసేస్తుంది. అందుకని లేని కంట్రోలర్లన్నిటి తరఫునా మెసేజిలు మీరే పంపాలి. దీన్ని రెస్ట్‌బస్ సిమ్యులేషన్ అంటాం. ఏ మెసేజి ఎంత సమయానికోసారి వెళ్లాలో కార్ల కంపెనీ ఇచ్చే మెసేజిల వివరాల పట్టిక అయిన డీబీసీ ఫైలులో ఉంటుంది. కారులో ఒకసారి రికార్డు చేసి దాన్నే తిప్పి తిప్పి పంపుదామనే ఆలోచన ఎవరికైనా వస్తుంది. కొత్త కార్లలో అది సాగదు. ముఖ్యమైన మెసేజిలలో ప్రతిసారీ పెరిగే ఒక లెక్క సంఖ్య, డేటా చెడలేదని చూసుకునే చెక్‌సమ్ ఉంటాయి. అవి పొసగకపోతే యూనిట్ ఆ మెసేజిని పారేస్తుంది.

సమయపాలన కూడా అంతే ముఖ్యం. పది మిల్లీసెకన్లకొకటి వెళ్లాల్సిన మెసేజిని పైథాన్ లూపులో స్లీప్ పెట్టి పంపితే, కంప్యూటర్ వేరే పనిలో పడినప్పుడల్లా ఆలస్యమై యూనిట్‌కు సిగ్నల్ పోయినట్టు కనిపిస్తుంది. లినక్స్‌లో క్యాన్ కోసం ఉన్న సాకెట్‌క్యాన్ అనే ఏర్పాటులోని బ్రాడ్‌కాస్ట్ మేనేజర్ ఈ పంపకాన్ని కెర్నెల్ అనే లోపలి పొరలోనే చూసుకుంటుంది. పైథాన్-క్యాన్ లైబ్రరీ సాకెట్‌క్యాన్ మీద దాన్నే వాడుకుంటుంది. స్క్రిప్టు పని విలువ మార్చడం వరకే ఉండాలి. వైరింగ్‌లో చూడాల్సింది ఒకటుంది: బస్ రెండు చివర్లా 120 ఓమ్స్ చొప్పున ఉండాలి. పవర్ తీసేసి రెండు క్యాన్ తీగల మధ్య మల్టీమీటర్ పెడితే 60 రావాలి. 120 వస్తే ఒక చివర లేదు, 40 వస్తే ఎవరో మూడోది తగిలించారు. అలాగే, క్యాన్‌లో పంపిన మెసేజిని కనీసం ఇంకొకరు అందుకున్నట్టు బిట్ వేయాలి. కంప్యూటర్‌ను బస్‌కు కలిపే మీ ఇంటర్‌ఫేస్‌ను వినడానికి మాత్రమే అన్న మోడ్‌లో పెట్టి యూనిట్ ఒక్కదాన్నే బస్ మీద ఉంచితే, అది పంపిన మెసేజినే మళ్లీ మళ్లీ పంపుతూ ఎర్రర్లలో పడుతుంది.

ఈ మూడు పునాదులూ కలిసి పనికొచ్చే ఒక పరీక్షను దగ్గరగా చూపిస్తాను: రివర్స్ కెమెరా. అమెరికాలో ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 111 అనే వాహన భద్రతా నిబంధన ప్రకారం, రివర్స్ గేరు వేశాక రెండు సెకన్లలోపు వెనక దృశ్యం తెర మీద కనబడాలి. 2018 మే 1 నుంచి అక్కడి కోసం తయారయ్యే కొత్త తేలికపాటి వాహనాలన్నిటికీ ఇది తప్పనిసరి. అంటే ఇది యూనిట్ అందానికి సంబంధించిన పరీక్ష కాదు, చట్టానికి సంబంధించినది.

మొదలు ఎక్కడ? గేరు రివర్స్ అన్న క్యాన్ మెసేజి బస్ మీద పడిన క్షణం. ఆ సమయాన్ని స్క్రిప్టు నుంచి తీసుకోవద్దు. స్క్రిప్టు ఆదేశం ఇచ్చిన క్షణానికీ మెసేజి నిజంగా వెళ్లిన క్షణానికీ తేడా ఉంటుంది. ఇంటర్‌ఫేస్ హార్డ్‌వేర్ వేసిన సమయ ముద్రనే తీసుకోండి. ముగింపు ఎక్కడ? తెర మీద కదిలే దృశ్యం కనిపించిన క్షణం. కదిలే అన్న మాట ఇక్కడ ప్రాణం. పాత ఫ్రేమ్ ఒకటి గడ్డకట్టి తెర మీద నిలబడితే, మామూలు చిత్రపటం ఎదురుగా పెట్టి చేసిన పరీక్ష దాన్ని పాస్ చేసేస్తుంది. డ్రైవర్‌కు మాత్రం వెనక ఎవరూ లేరన్న అబద్ధం కనిపిస్తుంది. అందుకని రివర్స్ కెమెరా ముందు ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ మారే నమూనా చూపించే చిన్న తెర పెట్టండి. హెడ్ యూనిట్ తెరను సెకనుకు 60 ఫ్రేములు తీసే కెమెరాతో పట్టుకుంటే మీ కొలతలో అనిశ్చితి ఒక్కో ఫ్రేముకు దాదాపు 17 మిల్లీసెకన్లు, రెండు సెకన్ల హద్దుకు అది చాలు. క్యాన్ గడియారాన్నీ కెమెరా గడియారాన్నీ కలపడానికి, కెమెరాకు కనిపించే మూలలో ఒక ఎల్ఈడీ పెట్టి, దాన్ని వెలిగించే సిగ్నల్‌నే క్యాన్ ఇంటర్‌ఫేస్ డిజిటల్ ఇన్‌పుట్‌కు కూడా ఇవ్వండి. రెండు రికార్డుల్లోనూ ఒకే క్షణం గుర్తుపడుతుంది.

యూనిట్ ప్రశాంతంగా ఉన్నప్పుడు ఈ పరీక్ష దాదాపు ఎప్పుడూ పాసవుతుంది, కాబట్టి అక్కడ ఆగిపోవద్దు. బూట్ మధ్యలో రివర్స్ వేయండి. ఫోను కాల్ వస్తుండగా, మ్యాప్ దారి మళ్లీ లెక్కిస్తుండగా, స్టార్టింగ్ పతనం తర్వాత వెంటనే, వేసి తీసి మళ్లీ వేసి చూడండి. రాత్రంతా తిప్పండి. రిపోర్టులో సగటు రాయొద్దు, అన్నిటికంటే చెత్త సమయాన్ని రాయండి. సగటు 0.9 సెకన్లు అని ఉంటే అందరూ తృప్తిపడతారు, ఒక్కసారి 2.4 వచ్చిన సంగతి దాని కింద కప్పబడిపోతుంది.

ఎన్నిసార్లు తిప్పాలన్నది కూడా లెక్కతో తేల్చుకోవాలి. వంద పవర్-ఆన్‌లలో ఒకసారి వచ్చే లోపం, మీరు వందసార్లు తిప్పినా కనబడకుండా పోయే అవకాశం సుమారు 37 శాతం. 300 సార్లు తిప్పితే అది దాదాపు 5 శాతానికి దిగుతుంది. చేత్తో పరీక్షించే ఇద్దరికి ఇది ఎన్నటికీ సాధ్యం కాదు, యంత్రానికి ఒక రాత్రి పని. ఆటోమేషన్ డబ్బు తిరిగి ఇచ్చేది మొదట ఇక్కడే. అందుకే ఫెయిలైన పరీక్షను చప్పుడు చేయకుండా మళ్లీ నడిపి, రెండోసారి పాసైతే పాస్ అని రాసే అలవాటును మీ బెంచిలోకి అస్సలు రానివ్వకండి. మళ్లీ నడపండి, కానీ రెండు ఫలితాలూ రాయండి. అప్పుడప్పుడూ మాత్రమే వచ్చే ఫెయిలే కస్టమర్ కారులో మెకానిక్‌కు దొరకని లోపం.

స్క్రీను చదవడానికి మూడు దారులున్నాయి. సాఫ్ట్‌వేర్ లోపలినుంచి అడగడం, అంటే కార్ల కోసం చేసిన ఆండ్రాయిడ్ ఆటోమోటివ్ అయితే ఏడీబీ అనే డీబగ్ టూల్ ద్వారా తెర మీద ఏ బటన్లు ఉన్నాయో తీసుకోవడం మొదటిది. యూనిట్ నుంచి తెరకు వెళ్లే వీడియో లింకును మధ్యలో పట్టుకునే ఫ్రేమ్ గ్రాబర్ రెండోది. బయటి నుంచి చూసే కెమెరా మూడోది. లోపలి దారి వేగవంతం, నిలకడైనది, కానీ బ్యాక్‌లైట్ ఆరిపోయినా బటన్ ఉందనే చెబుతుంది. కెమెరా డ్రైవర్ చూసేదే చూస్తుంది, కానీ గదిలో లైటు మారితే తడబడుతుంది. ఎక్కువ భాగం లోపలి దారిలో, కొన్ని గ్రాబర్‌తో, తెర నిజంగా వెలిగిందా అన్న కొద్దిపాటి తనిఖీలు కెమెరాతో చేయడం నాకు నచ్చిన పంపకం. స్క్రిప్టుల్లో ఐదు సెకన్లు ఆగు అన్న గుడ్డి నిరీక్షణలు పెట్టకండి. ఫలానాది కనిపించేదాకా చూడు, గరిష్ఠంగా ఇన్ని సెకన్లు అని రాయండి, కనిపించడానికి ఎంత పట్టిందో లాగు చేయండి. బిల్డు బిల్డుకూ ఆ సంఖ్య పాకుతూ పెరుగుతుంటే ఫెయిల్ రాకముందే మీకు తెలుస్తుంది.

మన దేశంలో అమ్మే యూనిట్ అయితే తెలుగు, తమిళం, కన్నడం, హిందీ పేర్లతో పరీక్షించడం తప్పనిసరి చేయండి. ఫోన్‌బుక్ బ్లూటూత్ ద్వారా రాగానే కాంటాక్టు పేర్లు తెర మీదికి వస్తాయి, పాటల పేర్లు కూడా అంతే. శ్రీలక్ష్మి అన్న పేరు కంటికి మూడు అక్షరాలు. యూనికోడ్‌లో అది 11 సంకేతాలు, యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 33 బైట్లు. ఎవరో ఇంగ్లిషు పేర్లను దృష్టిలో పెట్టుకుని 32 బైట్ల ఖాళీ ఇచ్చారనుకోండి, చివరి గుడి మధ్యలో తెగి, తెర మీద డబ్బా గుర్తు పడుతుంది. కొన్నిచోట్ల ఆ తెగిన బైట్లు చదవబోయి ప్రోగ్రామే కూలిపోతుంది. ఇది ఊహ కాదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో మెసేజిలను తెరవనీయకుండా కూల్చేసినది మన జ్ఞా అక్షరం కూర్పే, మధ్యలో కంటికి కనబడని ఒక జోడింపు నిరోధక సంకేతంతో కలిసి వచ్చినప్పుడు. యాపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. అంత పెద్ద సంస్థకే తప్పనిది మీ యూనిట్‌లోని అక్షరాల ఇంజిన్‌కు తప్పుతుందని అనుకోవద్దు. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుకున్నాయా అని చూడటానికి ఓసీఆర్‌ను (చిత్రంలోని అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్‌ను) నమ్ముకోకండి. ఆ భాష చదవగలిగిన మనిషి ఒకసారి సరేనన్న చిత్రాన్ని ప్రామాణికంగా దాచి, తర్వాతి బిల్డులను దానితో పోల్చండి.

ఆడియోలో ముందు ఒక హెచ్చరిక. కారు యాంప్లిఫయర్ నుంచి స్పీకర్‌కు వెళ్లే రెండు తీగల్లో ఏదీ గ్రౌండ్ కాదు. రెండూ బ్యాటరీ వోల్టేజిలో సగం దగ్గర, అంటే ఆరేడు వోల్టుల దగ్గర ఉండి ఎదురెదురుగా ఊగుతాయి. ఆసిలోస్కోపు ప్రోబు గ్రౌండ్ క్లిప్పును స్పీకర్ మైనస్‌కు తగిలిస్తే ఆ తీగను నేరుగా గ్రౌండ్‌కు షార్ట్ చేసినట్టే. చాలా చిప్‌లు తమను కాపాడుకుని ఆగిపోతాయి, లాగులో యాంప్లిఫయర్ ఫాల్ట్ అని పడుతుంది, డెవలపర్లు లేని బగ్ కోసం డ్రైవర్ కోడు వెతుకుతారు. రెండు తీగల మధ్య తేడాను మాత్రమే చూసే డిఫరెన్షియల్ ఇన్‌పుట్ ఉన్న కొలత పరికరం గానీ, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ గానీ వాడండి. అతివేగంగా ఆన్ ఆఫ్ అవుతూ నడిచే క్లాస్-డి యాంప్లిఫయర్ అయితే దాని స్విచింగ్ అవశేషాలు కొలతలో కలిసి వక్రీకరణ ఎక్కువగా చూపిస్తాయి, వినబడే హద్దు అయిన 20 కిలోహెర్ట్జ్ దగ్గర కోసే ఫిల్టర్ ముందు పెట్టాలి. స్పీకర్ల బదులు పెట్టే నాలుగు ఓమ్‌ల రెసిస్టర్లకు వేడి చిమ్మే రేకులు ఉండాలి. నాలుగు ఛానెళ్లు పూర్తి శక్తితో నడిస్తే చిన్న ఇస్త్రీపెట్టె అంత ఉండకపోయినా, చేతితో ముట్టుకోలేనంత వేడి వస్తుంది.

నాలుగు స్పీకర్లకూ ఒకే 1000 హెర్ట్జ్ స్వరం పంపి నాలుగింటా వినబడింది కాబట్టి పాస్ అనడం వల్ల ఎడమా కుడీ తారుమారైనా తెలియదు. ఒక్కో ఛానెల్‌కు ఒక్కో పౌనఃపున్యం పంపండి. పొరపాటున ఎక్కడిది ఎక్కడికి వచ్చిందో ఒక్క చూపులో తెలుస్తుంది. పాట మధ్యలో దారి చెప్పే గొంతు వచ్చినప్పుడు పాట తగ్గిందా, కాల్ వచ్చినప్పుడు ఆగిందా, పార్కింగ్ బీప్ అన్నిటి మీదా వినబడిందా అన్నవి కూడా ఈ పద్ధతితోనే తేలికగా కొలవచ్చు.

రేడియోను ఊరి ఎఫ్ఎం స్టేషన్లతో పరీక్షించకండి. సిగ్నల్ జనరేటర్ నుంచి కేబుల్ ద్వారానే ఇవ్వండి. ఆర్‌డీఎస్ సమాచారం (స్టేషన్ పేరు లాంటివి) 57 కిలోహెర్ట్జ్ ఉపవాహకం మీద సెకనుకు 1187.5 బిట్ల వేగంతో వస్తుంది, దాన్ని కూడా మీరే కల్పించి పంపగలగాలి. ఎందుకంటే సరైన సమాచారంతో ఎవరి యూనిట్ అయినా పనిచేస్తుంది, పరీక్ష విలువ తేలేది తప్పుడు సమాచారంతోనే. 2022 జనవరి చివర్లో అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో 94.9 ఎఫ్ఎం వింటున్న 2014-2017 మధ్య నాటి కొన్ని మాజ్డా కార్లలో తెర రీబూట్ అవుతూనే ఉండిపోయింది, రేడియో ఆ స్టేషన్ మీదే ఇరుక్కుపోయింది. ఆ స్టేషన్ డిజిటల్ ప్రసారంతో పాటు పంపిన చిత్రాల ఫైలు పేర్లకు ఎక్స్‌టెన్షన్ లేకపోవడమే కారణం. ఎక్స్‌టెన్షన్ లేని ఒక ఫైలును ల్యాబులో ఒక్కసారి పంపి ఉంటే దొరికేది. గాలిలోంచి, ఫోనులోంచి, యూఎస్‌బీలోంచి లోపలికి వచ్చే ప్రతి సమాచారానికీ ఖాళీది, మరీ పొడవైనది, మధ్యలో తెగినది, తప్పు రకానిది అన్న నాలుగు రూపాలు తయారు చేసి పెట్టుకోండి. జీపీఎస్‌కు సిమ్యులేటర్ దొరికితే భవిష్యత్తు తేదీలు కూడా ఇవ్వండి. జీపీఎస్ పాత సిగ్నల్‌లో వారాల లెక్క పది బిట్లది, 1024 వారాలకోసారి సున్నాకు వస్తుంది. 2019 ఏప్రిల్ 6న అలా వచ్చింది.

ఫోన్ల జతకట్టడం బెంచిలో అన్నిటికంటే నిలకడ లేని భాగం. ఫోను తనంతట తాను అప్‌డేట్ అయి మెనూ మార్చేస్తుంది, ఎప్పుడూ ఛార్జింగులో ఉండి బ్యాటరీ ఉబ్బుతుంది, పక్క బెంచి ఫోనుతో జతకడుతుంది. ఛార్జింగును సమయం ప్రకారం ఆన్ ఆఫ్ చేయండి, ఒక్కో బెంచికి రేడియో తరంగాలు దూరని పెట్టె పెట్టండి. వేలసార్లు జతకట్టి విడగొట్టే పరీక్షలకు నిజం ఫోను బదులు లినక్స్ మీద బ్లూజీ అనే బ్లూటూత్ సాఫ్ట్‌వేర్‌తో ఫోనులా నటించే ప్రోగ్రామ్ వాడండి. నిజం ఫోన్లు ఏ మోడల్‌తో పొత్తు కుదరట్లేదో చూడటానికి ఉంచుకోండి.

దీర్ఘకాలపు అరుగుదలను మరవొద్దు. 2021 ఫిబ్రవరిలో టెస్లా అమెరికాలో సుమారు 1,35,000 మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లను రీకాల్ చేసింది. తెర వెనక ఉన్న 8 జీబీ ఫ్లాష్ మెమరీ రాతలతో అరిగిపోయి, రివర్స్ కెమెరా దృశ్యం కూడా పోయే ప్రమాదం ఏర్పడింది. మీ యూనిట్ గంటకు ఎన్ని మెగాబైట్లు రాస్తోందో ప్రతి బిల్డుకూ కొలిచి గ్రాఫు గీయడం చాలా చిన్న పని. ఒక డెవలపర్ డీబగ్ లాగింగ్ ఆన్‌లో వదిలేస్తే ఆ గ్రాఫు మర్నాటికి చెబుతుంది. ఈఎంఎంసీ (యూనిట్‌లోని ఫ్లాష్ మెమరీ రకం) ప్రమాణం 5.0 నుంచి చిప్ తన ఆయువును తానే అంచనాగా చెబుతుంది, దాన్ని కూడా చదవండి.

ఇప్పుడు నమ్మకం విషయానికి. ఫలితాలు రెండు కాక మూడు ఉండాలి: పాస్, ఫెయిల్, బెంచి లోపం. సప్లై స్పందించకపోయినా, ఫోను ఛార్జ్ అయిపోయినా, కెమెరాకు కాంతి చాలకపోయినా యూనిట్ మీద నెపం వేయకుండా మూడో ఖానాలో వేయాలి. ప్రతి ఉదయం, బాగుందని తెలిసిన ఒక యూనిట్, అంటే గోల్డెన్ యూనిట్‌తో చిన్న స్వీయ తనిఖీ నడపండి. దానితోపాటు తెలిసిన బగ్ ఉన్న పాత బిల్డు ఒకటి కూడా నడిపి అది ఫెయిలవుతోందో లేదో చూడండి. ఫెయిల్ చెప్పడం మరిచిపోయిన బెంచి అందరికీ నచ్చుతుంది, అన్నిటికంటే ప్రమాదకరం అదే. ఫెయిలైన వెంటనే పవర్ తీయకండి. ముందు సీరియల్ కన్సోల్ లాగు, క్యాన్ ట్రేసు, తెర చిత్రం, కరెంటు గ్రాఫు, యూడీఎస్ (కంట్రోలర్లను లోపాల గురించి అడిగే ప్రామాణిక పద్ధతి) ద్వారా చదివిన ఫాల్ట్ కోడ్‌లు అన్నీ ఒకే గడియారం ముద్రతో ఒకే ఫోల్డరులో పడాలి. తర్వాతే పవర్ తీసి తెలిసిన స్థితికి తెచ్చి తర్వాతి పరీక్ష మొదలుపెట్టాలి. ఏ పరీక్షా ముందు పరీక్ష వదిలిన స్థితి మీద ఆధారపడకూడదు.

టూల్స్ గురించి. మీది డిజైన్ దశలో బిల్డులను పరీక్షించే బెంచి అయితే పైథాన్, దానితో పరీక్షలు నడిపే పైటెస్ట్ లేదా రోబోట్ ఫ్రేమ్‌వర్క్, కొత్త బిల్డు రాగానే వాటిని తనంతట తాను మొదలుపెట్టే జెన్‌కిన్స్ చాలు. కార్ల కంపెనీ తన సిమ్యులేషన్‌ను వెక్టర్ సంస్థ టూల్ అయిన క్యానో రూపంలో ఇస్తే దాన్ని కొని వాడండి, తిరగరాయడంలో అర్థం లేదు. పరీక్ష నడిపే బాధ్యత మాత్రం పైథాన్ చేతిలోనే ఉంచండి. ఫ్యాక్టరీలో లైను చివర పరీక్షించే యంత్రం వేరే సంగతి. అక్కడ ఒక్కో యూనిట్‌కు సెకన్ల లెక్క, ఆపరేటర్లు, సీరియల్ నంబర్లు ఉంటాయి, ఎన్ఐ టెస్ట్‌స్టాండ్ లాంటి పరీక్ష నిర్వహణ టూల్స్ అక్కడ బాగా నప్పుతాయి. రెండింటినీ ఒకే యంత్రంతో కానిచ్చేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. స్క్రిప్టుల్లో రిలే నంబర్లు కనబడకూడదు. ఇగ్నిషన్ ఆన్, రివర్స్ వేయి అన్న మాటలే కనబడాలి. ఏ రిలే అన్నది కింద ఒక్క చోట రాసి ఉండాలి. ఇంకో చిన్న ఖర్చు: కారు కనెక్టర్లు పదులసార్లు తీసి పెట్టడానికే తయారవుతాయి. బెంచి హార్నెస్ చివర అరిగితే మార్చుకోగల చిన్న మధ్య కేబుల్ పెట్టుకోండి, లేకపోతే కాంటాక్టు వదులై వచ్చే ఫెయిల్‌లు మీ నమ్మకాన్ని తినేస్తాయి.

ఆ ఇద్దరు ఇంజినీర్లను వేరే పనికి పంపనివ్వకండి. యూనిట్ ఏ స్థితిలో తడబడుతుందో వారికి తెలిసినంతగా ఏ డాక్యుమెంటులోనూ ఉండదు. ఏవి ముందు ఆటోమేట్ చేయాలో వారినే జాబితా రాయమనండి. వారికి విసుగు పుట్టించే పనులు బెంచికి ఇచ్చి, ఎవరూ ఊహించని కలయికలు వెతికే పనీ, కారులో కూర్చుని రోడ్డు మీద చూసే పనీ వారికి వదలండి.

చివరగా రోబో. బటన్ నొక్కడానికి రోబో అక్కర్లేదు, టచ్ సంఘటనను సాఫ్ట్‌వేర్ లోపలే పుట్టించవచ్చు. రోబో నిజంగా అవసరమయ్యేది తాకుడు తెరనే పరీక్షించాల్సి వచ్చినప్పుడు: గ్లవ్స్ వేసుకున్న వేలు, తడి తెర, అంచుల దగ్గర తాకిడి, రెండు వేళ్లతో మ్యాప్ పెద్దది చేయడం, తాకిన క్షణం నుంచి తెర స్పందించేదాకా పట్టే ఆలస్యం. అలాంటి పరీక్షలు ఏవేవి చేయాలో, ఒక్కోదానికి హద్దు ఎంతో కాగితం మీద రాసుకున్న తర్వాతే రోబోకు కొటేషన్ తెప్పించండి.